పదకొండు ఫ్రేములు

షమోకిన్, పెన్సిల్వేనియా
1987 ఫిబ్రవరి 9

వెండెల్ క్రూప్ గారికి,

మీరు నన్నెరుగరు. మా మేనల్లుడి భార్య పాత సామాన్ల సంతలో ఒక పింగాణీ కప్పు కొంది. దాన్ని చుట్టి ఇచ్చిన కాగితంలో మీ ప్రకటన ఉంది. కప్పు దారిలోనే పగిలింది, కాగితం మిగిలింది. 'ఏడో వీధి పిడికిలి, 1934, బాక్సింగ్ చిత్రం కావాలి. ఏ స్థితిలో ఉన్నా సరే, చిన్న ముక్కయినా సరే' అని పెద్దక్షరాల్లో వేయించారు. పెళ్లి ప్రకటనల్లో కూడా మనుషులు ఇంతగా బతిమాలరు.

అది నా దగ్గరుంది. ముక్క కాదు, మొత్తం మూడు డబ్బాలు.

అందులో హీరోతో తలపడే దుర్మార్గుడు బుచర్ డోలన్ వేషం వేసింది మా అన్నయ్య ఒండ్రే హుడాక్. వేషగాడు కాదు, అసలు బాక్సరే. ఈ బొగ్గు గనుల ఊళ్లలో ముప్పై ఒక్క పోటీలు ఆడి ఒక్కసారీ మన్ను కరవలేదు. సినిమాలో మాత్రం చివర్లో హీరో చేతిలో పడిపోతాడు. ముందే చెబుతున్నాను, తరవాత నా మీద ఎగరకండి.

1942లో సైన్యంలోకి పోయే ముందు ఈ ప్రతిని ఎక్కడినుంచో తెప్పించి మా నేలమాళిగలో పెట్టాడు. "యుద్ధం అయ్యాక యంత్రం అద్దెకు తెచ్చుకుని చూద్దాం మిల్లీ" అన్నాడు. అన్నయ్య తిరిగి రాలేదు. డబ్బాలు అలాగే ఉండిపోయాయి.

మా మేనల్లుడు నాకు టీవీకి తగిలించే క్యాసెట్టు పెట్టె కొనిచ్చాడు. మీరు ఈ ఫిల్మును క్యాసెట్టులోకి ఎక్కించి, డబ్బాలు నాకు తిరిగి ఇవ్వగలరా? అందులో నేను చూడవలసింది ఒకటుంది. ఏమిటని అడక్కండి.

ఇట్లు
ల్యూడ్మిలా బ్రోజ్‌మన్
(అందరూ మిల్లీ అంటారు)


టొలీడో, ఒహాయో
1987 ఫిబ్రవరి 14

శ్రీమతి బ్రోజ్‌మన్ గారికి,

నేను ఇక్కడ బళ్లలో ప్రొజెక్టర్లు బాగుచేస్తాను. మీ ఉత్తరం పనిబల్ల దగ్గర నిలబడి విప్పాను, రెండో పేరా కొచ్చేసరికి కుర్చీ వెతుక్కోవలసి వచ్చింది.

మీకు మా లోకం గురించి కొంచెం చెప్పాలి. నాలాగా పాత ఫిల్ములు పోగుచేసే పిచ్చివాళ్లు ఓ రెండు వందల మంది ఉంటారు. ప్రతి మే నెలలో కొలంబస్ దగ్గర ఒక మోటెల్‌లో కలుస్తాం. పరుపులు తీసి గోడకు నిలబెడతాం, దుప్పట్లు కట్టి సినిమాలు వేసుకుంటాం, కారు డిక్కీల దగ్గర బేరాలాడతాం. అందరం స్నేహితులమే, ఎవరం ఎవర్నీ నమ్మం. ఎవడైనా 'ఫలానాది నా దగ్గరుంది' అంటే 'ముక్క చూపించు' అంటాం. అంటే ఆ ఫిల్ములోంచి కాసిని ఫ్రేములు కత్తిరించి పంపాలి. అదే మాకు ప్రమాణం. ముక్క రాకపోతే వాడి మాట గాలి మాటే.

ఇక మీ సినిమా సంగతి. నిజం చెప్పాలంటే కథ గొప్పదేం కాదని విన్నాను. హీరో తల్లి గుడ్డిది, ప్రేయసి మంచిది, ఇద్దరి కోసం వాడు పిడికిళ్లు బిగిస్తాడు. తీసిన కంపెనీ మూడో సినిమాకే మూతపడింది. కానీ చివరి పోరు నిజమైన బాక్సరును పెట్టి, కెమెరాను తాళ్ల లోపలికి దించి తీశారట. ఆ రోజుల్లో ఎవరూ అలా తీయలేదు. చూసినవాడు మాలో ఒక్కడూ లేడు. ఇరవై ఏళ్లుగా అందరం దాని గురించే మాట్లాడుకుంటాం. ఎవరికీ దొరకలేదు కాబట్టే అందరికీ కావాలి.

ఒక మనవి. ఈ విషయం ఇంకెవరికీ చెప్పకండి. ముఖ్యంగా బఫెలో నుంచి లయల్ ఫెరాంటే అనే అతను రాస్తే జవాబివ్వకండి. వాడు శవం మీది కళ్లజోడు కూడా వదలడు.

డబ్బా మూత తీసి ఒకసారి వాసన చూడండి. పుల్లటి వాసన వస్తే ఫిల్ముకు రోగం పట్టినట్టు. దానికి మందు లేదు, పక్కనున్నవాటికీ అంటుకుంటుంది. ఎప్పటికైనా అన్ని ఫిల్ములూ దాంతోనే పోతాయి, కొన్ని ముందు, కొన్ని వెనక. పంపడానికి మెత్తటి పెట్టె ఒకటి పోస్టు చేశాను. జూన్ కల్లా క్యాసెట్టూ డబ్బాలూ మీ గుమ్మంలో ఉంటాయి. మా అమ్మ మీద ఒట్టు.

మీ
వెండెల్ క్రూప్


షమోకిన్
1987 మార్చి 30

క్రూప్ గారికి,

వాసన చూశాను. పుల్లగానే ఉంది. కానీ మా నేలమాళిగలో డబ్బాల పక్కనే మా అమ్మ పెళ్లినాటి ఓకు పీపా ఉంది, అందులో డెబ్బై అయిదేళ్లకు పైగా క్యాబేజీ పులుస్తూనే ఉంది. ఇల్లంతా అదే వాసన. మా ఆయన జో బతికున్నప్పుడు "ఈ ఇంట్లో పెళ్లికూతురు కూడా పులుపే" అనేవాడు. కాబట్టి నా ముక్కు మాట నమ్మకండి.

డబ్బాలు ఈ రోజు పంపాను. పోస్టాఫీసు బల్ల మీద పెట్టాను గానీ చేయి తీయబుద్ధి కాలేదు. "అమ్మా, చెయ్యి తియ్యి. తూకంలో నువ్వు కూడా వస్తున్నావు" అన్నాడు గుమాస్తా. వెనక నిలబడ్డవాళ్లు నవ్వారు. ఈ ఊళ్లో జనానికి నవ్వడానికి పెద్ద కారణం అక్కర్లేదు.

చేరగానే ఒక్క ముక్క రాయండి.

మిల్లీ బ్రోజ్‌మన్


టొలీడో
1987 ఏప్రిల్ 20

శ్రీమతి బ్రోజ్‌మన్ గారికి,

చెప్పడానికి కష్టంగా ఉంది. డబ్బాలు చేరాయి. మనం భయపడినంతా అయింది. మూడు రీళ్లూ పులిసి, ముడుచుకుపోయి, పొరకు పొర అతుక్కుపోయాయి. యంత్రంలో పెట్టడం మాట అటుంచి, విప్పడానికే వీలు లేకపోయింది. ఇంట్లో మిగతా ఫిల్ములకు అంటకుండా వెంటనే పారవేయవలసి వచ్చింది.

ఇందులో ఎవరి తప్పూ లేదు. ఒక చాకొలెట్ పెట్టె పంపుతున్నాను, స్వీకరించండి.

వి. క్రూప్


షమోకిన్
1987 మే 2

క్రూప్ గారికి,

ఎవరి తప్పూ లేదని మర్యాదకు రాశారు. తప్పు నాది. పైన మూడు ఖాళీ గదులుండగా వాటిని పులుపు పీపా పక్కన పెట్టి మరిచిపోయినదాన్ని నేను. మీరు అంత దూరంనుంచి పెట్టె పంపి, పని మానుకుని, చివరికి ఆ కంపు ఎత్తి పారేయవలసి వచ్చింది. చాకొలెట్లు కూడా మీరే పంపారు. నాకు తల ఎత్తుకోబుద్ధి కావడం లేదు.

చూడవలసింది ఒకటుందని రాశాను కదా. ఇప్పుడు దాచి ఏం లాభం? ఎవరికీ చెప్పలేదు, మా ఆయనకూ చెప్పలేదు. ముఖం చూడని మనిషికి చెప్పడం తేలికనుకుంటాను.

సినిమా తీయడం అయ్యాక అన్నయ్య ఇంటికొచ్చాడు. నాకప్పుడు పదిహేనేళ్లు. నన్ను పెరట్లోకి తీసుకుపోయి చెప్పాడు:

"మిల్లీ, చివర్లో నేను పడిపోతాను. పడాలని రాసిచ్చారు, పడ్డాను. నువ్వు మాత్రం ఏడవద్దు. పడ్డాక నా మొహం ఇటే తిరిగుంటుంది. రెఫరీ పది లెక్కపెట్టేలోపు ఎడమ కన్ను గీటుతాను. అది నీకోసం. ఆ డైరెక్టరు కూడా కనిపెట్టలేదు."

ఆ శరదృతువులో సినిమా మా ఊరి హాలుకొచ్చింది. ఊరంతా వచ్చింది, గని దుస్తులు మార్చుకోకుండా వచ్చినవాళ్లూ ఉన్నారు. మా అమ్మ ముందు వరసలో కూర్చుంది, నేను బడి పిల్లలతో వెనక కూర్చున్నాను. ఆ హీరోగారు జుట్టు చెదరకుండా చెయ్యి ఇలా విసిరాడు. ముప్పై ఒక్క పోటీల్లో మోకాలు వంచని మా అన్నయ్య గోడ కూలినట్టు కూలాడు.

హాలు హాలంతా గొల్లుమంది.

"లేవరా హుడాక్! గని సైరను కూసింది!"

"పక్క వెయ్యమంటావా నాయనా? దుప్పటి కూడా కప్పుతాం!"

నా పక్కన కొత్తగా వచ్చిన టీచరు కూతురు కూర్చుంది. "హుడాక్ అంటే మీ అన్నేనా?" అని అడిగింది. "కాదు, ఇంటిపేరు ఒకటే" అన్నాను. అని, కోటు ముఖం మీదికి లాక్కున్నాను. మళ్లీ దీపాలు వెలిగేదాకా తీయలేదు.

మర్నాడు పొద్దున అన్నయ్య రొట్టె నములుతూ, "చూశావా?" అన్నాడు.

"చూశాను."

"ఏ కన్ను?"

"ఎడమది."

ఎంత మురిసిపోయాడో మీకు చెప్పలేను. ఊళ్లో ఏళ్ల తరబడి వాణ్ని 'దుప్పటి హుడాక్' అని పిలిచారు. వాడు నవ్వి ఊరుకునేవాడు. మిల్లీ చూసింది కదా, అది చాలు అనుకున్నాడు. యుద్ధానికి పోతూ కూడా రైలు మెట్టు మీదనుంచి నాకేసి ఎడమ కన్ను గీటాడు. నేను తల దించుకున్నాను. నాకు ఏడుపొస్తోందని వాడు అనుకున్నాడు.

ప్రొజెక్టరు బళ్లో ఉండేది, అడిగితే ఇచ్చేవాళ్లు. అడగలేదు. కన్ను గీటి ఉండకపోతే? కత్తిరించేసి ఉంటే? అసలు భయం అది కాదు. గీటి ఉంటే మరీ కష్టం. నలభై ఏళ్లు ఆ మూడు డబ్బాల మీదుగా వెళ్లి క్యాబేజీ తెచ్చుకున్నాను గానీ మూత తీయలేదు. ఇప్పుడు అరవై ఎనిమిది వచ్చాయి, ఇంకా సిగ్గుపడుతూ కూర్చుంటే ఎలా, చూద్దాం అనుకున్నాను. ఇంతలో నా పీపా దాన్ని తినేసింది.

నిన్న మేనల్లుడి చేత ఆ పీపాను గొడ్డలితో కొట్టించి పారేయించాను. "అత్తా, నీకేమైనా మతి పోయిందా?" అన్నాడు.

అక్రోటుకాయల రొట్టె ఒకటి చేసి పంపుతున్నాను. మీ శ్రమకు అంతకన్నా ఏమివ్వగలను? తడిగుడ్డలో చుట్టిపెడితే వారం ఉంటుంది.

మిల్లీ


టొలీడో
1987 సెప్టెంబరు 14

శ్రీమతి బ్రోజ్‌మన్ గారికి,

నాలుగు నెలలు తేలు కుట్టిన దొంగలా కూర్చున్నాను. ఈ ఉత్తరం ఏడుసార్లు మొదలుపెట్టి చించాను. ఈసారి ముందే అసలు మాట రాసేస్తాను, తరవాత చించే ధైర్యం ఉండదు.

ఫిల్ము పులియలేదు. పారేయలేదు. మూడు డబ్బాలూ నా గదిలో అలమరలో ఉన్నాయి. అంత శుభ్రమైన ప్రతిని నా జీవితంలో చూడలేదు. మీ నేలమాళిగ చల్లదనమే దాన్ని కాపాడింది. మీ అమ్మగారి పీపా ఏ పాపమూ ఎరగదు.

ఎందుకు చేశానంటే చెప్పడానికి పెద్ద కారణం కూడా లేదు. డబ్బాలు వచ్చిన రోజే వేసుకుని చూశాను. మళ్లీ చూశాను. ఆ వారంలో తొమ్మిదిసార్లు చూశాను. ప్రపంచం మొత్తం మీద దీన్ని చూస్తున్నవాణ్ని నేనొక్కణ్నే అనిపించింది. ఇది క్యాసెట్టులోకి ఎక్కితే మీ మేనల్లుడి దగ్గర ఒకటి, వాళ్ల స్నేహితుల దగ్గర ఇంకొకటి చేరుతుంది. అప్పుడు నాకేం మిగులుతుంది? యాభై నాలుగేళ్లవాణ్ని. పెళ్లి లేదు, పెద్ద ఉద్యోగం లేదు. 'వెండెల్ దగ్గరుంది' అని రెండు వందల మంది అనుకోవడం కోసం మీకు ఆ ఉత్తరం రాశాను. పావుగంటలో రాసేశాను.

ఇంకా ఉంది. పులిసిందని మీకు రాసిన రోజే లయల్ ఫెరాంటేకి 'ముక్క' కూడా పంపాను. ఏది పంపాలా అని వెతికాను. పడిపోయిన బాక్సరు కన్ను గీటడం నాకు అంతకుముందే కనిపించింది. చూసి పకపకా నవ్వుకున్నాను. తీసేవాళ్లు కనిపెట్టని తప్పనుకున్నాను. పోగుచేసేవాళ్లకు తప్పులంటే ప్రాణం, అచ్చుతప్పు పడిన స్టాంపుకు ఎక్కువ విలువ ఉన్నట్టే. అందుకని సరిగ్గా అదే కత్తిరించాను. పదకొండు ఫ్రేములు. తెర మీద అర సెకను కూడా ఉండదు.

మీ ఉత్తరం మే 6న వచ్చింది, రొట్టెతో సహా. చదివాను. అన్నిటికన్నా సిగ్గుమాలిన పని ఆ తరవాత చేశాను. పది రోజులకు మోటెల్ సమావేశానికి వెళ్లాను. లయల్ ఆ ముక్కను స్లైడు యంత్రంలో పెట్టి ఒక్కొక్క ఫ్రేమే జరుపుతూ దుప్పటి మీద చూపించాడు. గది గదంతా నవ్వింది. "శవం కన్ను కొడుతోందిరోయ్!" అన్నారు. నా వీపు తట్టారు. నేనూ నవ్వాను. అది ఎవరి కోసం గీటిన కన్నో తెలిసి నవ్వాను.

రొట్టె మొత్తం నేనే తిన్నాను, ఒక్కరోజులో, నిలబడి. ఎవరికైనా పెడితే ఎక్కడిదని అడుగుతారని.

చేసిన పాపం చెబితే పోతుందంటారు. చెప్పాను, ఏమీ పోలేదు. ఒక్క మాట మాత్రం మీకు చేరాలి. మీ అన్నయ్య కన్ను గీటాడు. ఎడమ కన్నే. నేను చూశాను.

వెండెల్ క్రూప్


షమోకిన్
1987 సెప్టెంబరు 19

వెండెల్ క్రూప్‌కి,

'గారు' అని రాయడానికి కలం సాగడం లేదు. సాగనివ్వను.

నీ ఉత్తరం పొద్దున వచ్చింది. చదివి నేలమాళిగలోకి దిగాను. పీపా ఉన్నచోట గుండ్రటి మచ్చ ఉంది. దాని పక్కన కూర్చుని తిట్లన్నీ తిట్టాను, మా అమ్మ భాషలో, నీకు అర్థం కానివి. నాకు పీపాను చూస్తే దోషిలా కనిపించింది, అందుకని గొడ్డలి వేయించాను. నువ్వు మేలో ఆ మాట చదివావు. సెప్టెంబరు దాకా దాని మీద కూర్చున్నావు.

కన్ను గీటాడంటున్నావు. ఎడమదంటున్నావు. ఎడమదని నీకు చెప్పింది నేనే కదా! మా అన్నయ్యకు నేను ఎలా చెప్పానో నువ్వు నాకు అలాగే చెబుతున్నావు. వాళ్లు చెప్పిన జవాబే వాళ్లకు తిరిగి అప్పజెప్పడం. చూడకుండా 'చూశాను' అనడం ఎంత తేలికో ఈ భూమ్మీద నాకన్నా బాగా తెలిసినవాళ్లు లేరు. నేను నిన్నెలా నమ్మను?

నిన్ను పోలీసులకు పట్టించమని మేనల్లుడు ఎగురుతున్నాడు. వద్దన్నాను. నీ మీద జాలి అనుకోకు. అప్పుడు కోర్టులో నిలబడి ఆ కోటు సంగతి చెప్పాలి, అందుకని.

ఆ పదకొండూ తెచ్చుకో. వాటిని ఎక్కడినుంచి తీశావో అక్కడే అతికించు. క్యాసెట్టు నాకొద్దు. నువ్వే యంత్రం మోసుకొచ్చి నా వంటింటి గోడ మీద వెయ్యి. అవి లేకుండా వస్తే గుమ్మం ఎక్కకు.

మిల్లీ బ్రోజ్‌మన్


టొలీడో
1987 అక్టోబరు 17

శ్రీమతి బ్రోజ్‌మన్ గారికి,

లయల్‌కి రాశాను. విషయం మొత్తం రాశాను, మీ రహస్యం తప్ప. 'ఒక పెద్దావిడది, మోసం చేసి ఉంచుకున్నాను, ముక్క తిరిగి కావాలి, ఏమడిగితే అదిస్తాను' అన్నాను. ఏమడుగుతాడో నాకు తెలుసనుకున్నాను. నా దగ్గరున్న మంచివి పన్నెండు ఏరి, డబ్బాల్లో సర్ది, గుమ్మం దగ్గర పెట్టుకుని కూర్చున్నాను.

నాలుగో రోజున జవాబొచ్చింది. అతని గురించి మీకు ఫిబ్రవరిలో ఏం రాశానో మీకు గుర్తుండే ఉంటుంది. ఉన్నదున్నట్టు ఎత్తి రాస్తున్నాను:

'క్రూప్, ముక్క ఇదిగో. బదులు ఏమీ వద్దు. ఆవిడదని ముందే చెప్పి ఉంటే దుప్పటి మీద వేసేవాణ్ని కాను. నాకు తెలియక నవ్వాను. నువ్వెందుకు నవ్వావు? లయల్.'

పన్నెండు డబ్బాలూ తిరిగి అలమరలో సర్దుకున్నాను. అతను అవి తీసుకుని ఉంటే ఇంతకన్నా బాగుండేది.

పదకొండు ఫ్రేములూ క్షేమంగా ఉన్నాయి. అతికించాను. బొమ్మ ఎక్కడా చెదరదు. కానీ ఆ రెండు అతుకుల్లో మొదటిది యంత్రం మీదుగా పోతున్నప్పుడు టక్‌మని ఒక శబ్దం వస్తుంది. నాకు తెలిసిన విద్యలన్నీ ప్రయోగించాను, పోలేదు. అది నేను చేసింది, ఇక ఉంటుంది.

నవంబరు 7, శనివారం మధ్యాహ్నం రావచ్చా? ఒక ఓకు పీపా కూడా దొరికింది. అది మీ అమ్మగారిది కాదని తెలుసు. అయినా తెస్తాను, గుమ్మం బయటే దింపుతాను.

వెండెల్


షమోకిన్
1987 అక్టోబరు 22

రా. తెరలు దించి చీకటి చేస్తాను. భోజనం పెట్టను. యంత్రం తిప్పడం మొదలుపెట్టి నువ్వు వరండాలోకి వెళ్లి కూర్చోవాలి. పిలిస్తేనే లోపలికి రావాలి.

మిల్లీ


షమోకిన్
1987 నవంబరు 15

వెండెల్‌కి,

రెండుసార్లు పిలిచి రెండుసార్లు ఆ ముక్క వెనక్కి తిప్పించాను. ఎందుకని నువ్వడగలేదు. యంత్రం పాడైందేమోనని గాభరాగా అన్నీ తడిమి చూసుకున్నావు. యంత్రం బాగానే ఉంది. కారణం నీకు తెలియాలి.

అన్నయ్య ఇరవై రెండేళ్లవాడు. అది నేను మరిచిపోయాను. నాకు కలల్లో ఎప్పుడూ పెద్దవాడిలా వస్తాడు. గోడ మీద చూస్తే మా మేనల్లుడి కొడుకంత ఉన్నాడు, మెడ మీద మొటిమ కూడా ఉంది. వాడు కొట్టగలిగిన దెబ్బలు కొట్టకుండా ఆపుకోవడం నాకు కనిపించింది. హీరోగారికి తగలకుండా ఎంత జాగ్రత్తపడ్డాడో! బుచర్ డోలన్‌ట, పిల్లినైనా కొట్టలేనివాడు.

చివరికి వచ్చేసరికి హీరోగారు చెయ్యి విసిరాడు, అన్నయ్య పడ్డాడు. పడగానే నా రెండు చేతులూ వాటంతటవే లేచాయి. ఏప్రాను ముఖం మీదికి లాగేసుకున్నాను.

వంటింట్లో ఎవరూ లేరు. నవ్వేవాడు ఒక్కడూ లేడు. అయినా లాక్కున్నాను. యాభై మూడేళ్లు ఎదురుచూసి, నిన్ను అన్ని తిట్లు తిట్టి, తీరా సమయానికి అదే పని చేశాను. అందుకే నిన్ను పిలిచాను.

రెండోసారీ అంతే.

మూడోసారి ఏప్రాను విప్పి పొయ్యి అవతలికి విసిరాను. చేతులు రెండూ తొడల కింద పెట్టుకుని వాటి మీద కూర్చున్నాను. అన్నయ్య పడ్డాడు. లెక్క మొదలైంది. కళ్లు మూసుకుపోతున్నాయి, నా ప్రమేయం లేకుండానే. ఇంతలో నీ అతుకు టక్‌మంది. ఉలిక్కిపడి కళ్లు తెరిచాను.

ఎడమ కన్నే.

"చూశావా?" అన్నట్టే ఉంది. "చూశాను" అన్నాను, పైకే. "పిలిచారా?" అని నువ్వు వరండాలోంచి అడిగావు. లేదన్నాను. అది నీతో కాదు.

క్షమించమని నువ్వు అడగలేదు, అడగకపోవడమే మంచిదైంది. నేను అన్నయ్యను అడగాలనుకుంటున్నాను, అడగడానికి వాడు లేడు. నీకు నేనున్నాను. కాబట్టి ఊరికే ఒక్క ముక్కతో వదిలెయ్యను.

నువ్వు తెచ్చిన పీపా కారుతోంది. అడుగున మైనం పూయించి క్యాబేజీ వేశాను. వాసన పాతదానిలా లేదు.

డబ్బాలు నా పడకగదిలో, పరుపు పక్కన ఉన్నాయి. నా అబద్ధం నిజం కావడానికి యాభై మూడేళ్లు పట్టింది. నీ అబద్ధం కూడా ఒకనాటికి నిజమవుతుంది, ఎప్పటికైనా అన్నీ పులుస్తాయని నువ్వే రాశావు కదా. అది నా ముక్కుకు తెలియదు. అందుకని ఏటా నవంబరులో వచ్చి మూతలు తీసి వాసన చూడు. బఫెలో ఆయన్ను కూడా తీసుకురా, రొట్టె చేస్తాను, ఈసారి కూర్చుని తిందువుగాని. ఏదో ఒక సంవత్సరం నువ్వు తల ఎత్తి 'పులిసింది మిల్లీగారూ' అంటావు.

ఆ రోజు నిన్ను నమ్ముతాను.

మిల్లీ